తుపాకీ స్టాక్: ముందు లోపల కుదరాలి, తర్వాతే పైన పువ్వులు

ఏర్పేడు దగ్గరి మాధవమాల ఊరి కొయ్య చెక్కడం గురించి ఈ శీర్షికలో రాసినాక వచ్చిన ఉత్తరాల్లో చాలామంది ఒకటే అడిగారు, ఆ చేతిపనితో రైఫిల్‌కో ఎయిర్ రైఫిల్‌కో చెక్క స్టాక్, అంటే చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే కట్టె భాగం, చేయించుకుంటే దాన్ని తుపాకీ ఇనుప భాగాలకి ఎట్ల కూర్చోబెట్టాలి అని. ప్రశ్నలు బాగున్నాయి, అడిగినోళ్లు కూడా పని తెలిసి అడిగినట్టే ఉన్నారు, అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నా.

జవాబుల్లోకి పోయే ముందు ఒక్క మాట. స్టాక్ పని ఏదైనా మొదలుపెట్టే ముందు బోల్ట్ (తూటా ఉండే చోటుని వెనక నుంచి మూసే జరిగే కడ్డీ) బయటికి తీయండి, మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీయండి, తూటా కూర్చునే చాంబర్‌లోకి కంటితో చూడండి, వేలు పెట్టి కూడా చూడండి, తూటాలు మీరు పని చేసే గదిలోనే ఉండకూడదు. ఇది ప్రతి జవాబుకీ వర్తిస్తుంది, మళ్లీ మళ్లీ రాయను.

ప్రశ్న: అన్నా, మాది పలమనేరు పక్కన. నాయన చనిపోయినాక ఆయన .315 స్పోర్టింగ్ రైఫిల్‌ని లైసెన్స్‌తో సహా నా పేరు మీదకి మార్చుకున్నా. బట్ (భుజానికి ఆనించే వెనక కట్టె) పిడి దగ్గర పగిలిపోయి ఉండాది. మాధవమాల ఆచారి ఒకాయన పాత బట్, ముందు చెక్క రెండూ చూసి అచ్చం అట్లే కొత్తవి చెక్కిచ్చినాడు, లతలు, హంసలు, చూడను రెండు కళ్లు చాలవు. కానీ బిగిస్తే బట్ కొంచెం ఊగతా ఉంది, రేంజ్‌లో కాలిస్తే గుండ్లు ఒక చోట పడటం లేదు. ఆచారి పనిలో లోపమా?

జవాబు: తమ్ముడూ, ఆచారి చెక్కడంలో లోపం లేదు, పని నడిచిన వరసలోనే ఉంది లోపమంతా. దేవుడి బొమ్మ చెక్కేటప్పుడు బయట రూపమే అసలు పని, లోపల ఏముందని ఎవరూ అడగరు. స్టాక్‌కి అది తిరగబడుతుంది. చెక్క ఇంకా నాలుగు పలకలుగా, చదునుగా ఉన్నప్పుడే మధ్య గీత కొట్టి, ఇనుము కూర్చునే గాడి మొత్తం పూర్తి చేసుకోవాలి, ఎందుకంటే కొలత తీసుకోను చదునైన ముఖం అప్పుడే దొరుకుతుంది. తర్వాత బయట ఆకారం, అన్నిటికన్నా చివర లతలూ హంసలూ. మీ ఆచారికి పాత చెక్క చూపించారు గానీ ఇనుము ఎక్కడ ఆనాలో, ఎక్కడ ఆనకూడదో ఎవరూ చెప్పలేదు. పైగా పాత చెక్క కూడా ఏళ్ల తరబడి దెబ్బ తిని నలిగిపోయి ఉంటుంది, దాని కొలతే దించితే ఆ నలుగుడు కూడా కొత్తదాంట్లోకి దిగుతుంది.

మీ .315 సంగతికొస్తే అది లీ ఎన్‌ఫీల్డ్ యాక్షన్ (బోల్ట్, ట్రిగ్గర్ కూర్చునే మధ్య ఇనుప భాగం) మీద కట్టిన రైఫిల్, మామూలు బోల్ట్ యాక్షన్ల మాదిరి ఒకే చెక్క కాదు. వెనక బట్ వేరే, ముందు ఫోరెండ్ వేరే, మధ్యలో యాక్షన్‌కి ఇనుప సాకెట్ ఉంటుంది. బట్ ముందు కొస ఆ సాకెట్‌లోకి దూరుతుంది, బట్ లోపల నిలువునా ఉన్న రంధ్రంలో నుంచి ఒక పొడుగాటి బోల్ట్ (ఇది మర బోల్ట్, పైన చెప్పిన బోల్ట్ కాదు) వచ్చి దాన్ని ముందుకి లాగి బిగిస్తుంది. బట్ ఊగుతోందంటే ఆ కొస సాకెట్ గోడలకి అన్ని పక్కలా ఆనడం లేదు, ఒకటి రెండు చోట్లే తగిలి మిగతాదంతా ఖాళీ ఉంది. బోల్ట్ ఇంకా గట్టిగా తిప్పితే సరిపోతుందనుకోవద్దు, తిప్పేకొద్దీ ఆ తగిలిన చోటే చెక్క నలుగుతుంది, నాలుగు రోజులకి మళ్లీ వదులే.

ఇంకోటి చాలా ముఖ్యం, పాత నంబర్ 1 తరహా ఎన్‌ఫీల్డుల్లో ఆ బట్ బోల్ట్ కొస చతురస్రంగా ఉండి సాకెట్ దాటి ఫోరెండ్ వెనక ఉన్న చిన్న ఇనుప పలకలో కూర్చుంటుంది. ఫోరెండ్ తీయకుండా బోల్ట్ తిప్పారంటే ఆ కొస తిరిగి ఫోరెండ్ వెనక భాగాన్ని చీల్చేస్తుంది. కాబట్టి విప్పేటప్పుడు ఎప్పుడూ ఫోరెండ్ ముందు, బట్ తర్వాత. బిగించేటప్పుడు బట్ ముందు, ఫోరెండ్ తర్వాత. మీ రైఫిల్ ఏ రకమో ఆయుధాల డీలర్‌తో చూపించుకోండి, తెలిసేదాకా ఈ వరసే పాటించండి, నష్టం ఏమీ లేదు.

గుండ్లు ఒక చోట పడకపోవడానికి కారణం ఎక్కువగా ఫోరెండ్‌లో ఉంటుంది. కాల్చినప్పుడు వెనక్కి వచ్చే దెబ్బని ఫోరెండ్ వెనక భాగంలో, యాక్షన్ కింద రెండు పక్కలా ఉండే ఆనుడు తలాలు తీసుకోవాలి, ఆ రెండూ సమానంగా ఆనాలి. ఒక పక్క ఆని ఇంకో పక్క వెంట్రుకంత ఖాళీ ఉన్నా ప్రతి గుండుకీ యాక్షన్ ఒక పక్కకి కొంచెం తిరుగుతుంది. ఫోరెండ్ వెనక కొస మాత్రం సాకెట్ ముఖానికి తగలకూడదు, సన్నటి ఖాళీ కనపడాలి, తగిలిందంటే దెబ్బంతా ఆ పల్చటి కొస మీద పడి చెక్క నిలువునా చీలుతుంది. ముందు ట్రిగ్గర్ గార్డ్ స్క్రూ చుట్టూ ఒక చిన్న ఇనుప కాలర్ ఉండాలి, ఆ స్క్రూ ఎంత బిగించినా చెక్క నలగకుండా ఆపేది అదే, పాత చెక్కలోనే ఉండిపోయిందేమో ఒకసారి చూడండి. చాలామంది కాలర్‌ని పాత చెక్కతో పాటు పారేస్తారు.

మరి ఎక్కడ ఆనుతోందో కనుక్కునేది ఎట్లా? దానికి మన ఇళ్లల్లోనే మంచి వస్తువు ఉంది, కాటుక. ఆముదం దీపం మసితో చేసిన కాటుకని ఇనుము మీద వేలితో పల్చగా, చాలా పల్చగా రాయండి. చెక్కలో కూర్చోబెట్టి స్క్రూలు మామూలుగా బిగించి, మళ్లీ నిటారుగా పైకి తీయండి, పక్కకి ఊపి తీస్తే గుర్తు చెరిగిపోతుంది. చెక్క మీద నల్లగా ఎక్కడ పడిందో అక్కడే ఆనుతోంది. అక్కడ మాత్రమే పదునైన ఉలితోనో స్క్రేపర్‌తోనో గీకాలి, పొడి రాలేంత, అంతే. మళ్లీ రాయడం, మళ్లీ కూర్చోబెట్టడం, మళ్లీ తీయడం. ఆనాల్సిన చోట నలుపు పొడల పొడలుగా సమానంగా వచ్చేదాకా ఇదే పని, దీనికి అడ్డదారి లేదు, ఉప్పు కాగితంతో రుద్దితే మూలలు గుండ్రం అయిపోయి ఆనుడు పోతుంది. ఎక్కువ తీసేశామనిపిస్తే నిదానంగా గట్టిపడే ఎపాక్సీ జిగురుతో నింపుకోవచ్చు, కాకపోతే ఇనుముకి మైనమో బూట్ పాలిషో రెండు పూతలు పెట్టకుండా ఎపాక్సీ వేశారంటే చెక్కా ఇనుమూ ఇక విడిపోవు. స్క్రూ రంధ్రాల్లోకి, ఇనుము మీద ఉన్న గుంటల్లోకి పిల్లలు ఆడుకునే రంగు మట్టి కూరండి, ఎపాక్సీ అందులో దూరి గట్టిపడితే ఇనుముకి గొళ్లెం పడినట్టే.

చివరిగా, పిడి దగ్గర పాతది ఎందుకు పగిలిందో చూశారా? పగుళ్లలో నార, అంటే కట్టెలో పొడుగునా సాగే పోగులు, ఏ దిక్కుకి పోతోందో చూడండి. పిడి భాగంలో నార పొడుగునా, పిడితో పాటే సాగాలి, ఏటవాలుగా కోసుకుంటూ బయటికి పోతే ఎంత గట్టి కట్టె అయినా అక్కడే విరుగుతుంది. మీ కొత్త బట్‌లో నార అడ్డంగా పోతుంటే మాత్రం తమ్ముడూ, ఎంత అందంగా ఉన్నా దాన్ని గోడకి పెట్టుకోండి, రైఫిల్‌కి ఇంకోటి చేయించండి. పిడి ముఖానికి దగ్గరగా ఉండే చోటు, అక్కడ విరిగితే చేతికీ దవడకీ తగులుతుంది. ఇంత రాశాను గానీ, ఆనుడు తలాల పని లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర, అనుభవం ఉన్న గన్‌స్మిత్ చేతే చేయించుకోండి, ఏం అడగాలో మీకు తెలియాలనే ఇంత వివరంగా చెప్పా.

ప్రశ్న: మాది మాధవమాలే సార్. ఏర్పేడు దాటి మా ఊరికి బెంగళూరు నుంచి, మద్రాసు నుంచి కూడా వస్తారు. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు రైఫిల్ స్టాక్ చెక్కమని అడిగినారు. తుపాకీ మా దగ్గరే పెట్టేసి పోతామంటారు, కొలతకి ఇబ్బంది ఉండదు కదా అని. ఒకాయన బట్ మీద స్వామివారి రూపం కూడా చెక్కమన్నాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: ఆచారి గారూ, తుపాకీ మీ దగ్గర పెట్టించుకోవద్దు, ఒక్క రాత్రికి కూడా వద్దు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్స్ లేని మనిషి దగ్గర తుపాకీ ఉండటమే నేరం, రిపేరు పని వ్యాపారంగా చేయాలన్నా దానికి వేరే లైసెన్స్ కావాలి, మీ మంచితనం కోసం పెట్టుకున్నా చట్టం ముందు మీరూ ఇచ్చినాయనా ఇద్దరూ ఇరుక్కుంటారు. వచ్చినాయన్ని ముందు డీలర్ దగ్గరికి పంపండి. స్టాక్ పని డీలర్ ద్వారా మీ దగ్గరికి రావాలి, లోపలి గాడి గన్‌స్మిత్ చేసి మీకు చెక్క మాత్రం పంపాలి, పైన చెక్కడం మీరు చేయాలి. రెండు చేతుల పని రెండు చోట్ల నడిస్తే ఎవరికీ భయం ఉండదు, స్టాక్ కూడా మేలుగా వస్తుంది, ఎందుకంటే పైన జవాబులో చెప్పినట్టు లోపలిది పూర్తయిన చెక్కే మీ చేతికి వస్తుంది.

చెక్కడం గురించి. మీరు విగ్రహాలకి పోయినంత లోతు దీనికి పోకూడదు, రెండు మూడు మిల్లీమీటర్లు చాలు, అందులోనే మీ చేతికి లతా వస్తుంది, నెమలీ వస్తుంది. పిడి దగ్గర లోతు చెక్కడం వద్దు, అక్కడ సన్నటి గీతల అల్లిక వేయండి, చెమట చేతికి పట్టు కూడా దొరుకుతుంది. చెంప ఆనే పక్క నున్నగా వదిలేయండి, మనిషి చెంప అక్కడ ఒత్తుకుని ఉంటుంది, హంస ముక్కు గుచ్చుకుంటే గురి ఎట్ల నిలుస్తుంది. యాక్షన్ చుట్టూ ఉన్న గోడలు ముందే పల్చన, అక్కడ ఉలి పెట్టనే వద్దు. మిగిలేది బట్ రెండో పక్క, ఫోరెండ్ రెండు పక్కలు, మీలాంటి పనితనానికి అది తక్కువ చోటేం కాదు.

స్వామివారి రూపం మాట, నా అభిప్రాయం సూటిగా చెప్తా. బట్ నేల మీద ఆనిస్తారు, బురదలో పెడతారు, కాలి పక్కన నిలబెడతారు. మీరు రేపు ఎవరికో ఇంట్లో పూజకి అదే రూపం చెక్కి ఇవ్వాల్సిన మనిషి. మర్యాదగా కాదనండి, శంఖు చక్రాలు కూడా వద్దనండి, పూల తీగ చెక్కి ఇస్తానని చెప్పండి. అర్థం చేసుకుంటారు.

ప్రశ్న: స్టాక్‌కి ఏ కట్టె మంచిది? మా పట్టా భూమిలో ఎర్రచందనం చెట్లు ఉన్నాయి, మన శేషాచలం కట్టె కదా, దాంతో చేయించుకుంటే గొప్పగా ఉంటుందని మా బావ అంటున్నాడు. – రేణిగుంట

జవాబు: బావగారికి నచ్చజెప్పండి. ఎర్రచందనం మీ పట్టాలో పెరిగినా సరే ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ అనుమతి లేకుండా కొట్టకూడదు, కొట్టినదాన్ని కదిలించకూడదు. అది ప్రపంచంలో సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ కొసలోనే, మన జిల్లాలు, కడప, నెల్లూరు, కర్నూలు వైపు కొండల్లో, అరుదైన మొక్కల, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో కూడా ఉంది. ఇక చట్టం పక్కన పెట్టి కట్టెగానే చూసినా స్టాక్‌కి సరిపోదు. ఎండిన చేవ ముక్క నీళ్లలో మునుగుతుంది, అంత బరువు. దాంతో స్టాక్ చేస్తే రైఫిల్ ఎత్తి పట్టుకోవడమే కష్టం.

ప్రపంచమంతా వాల్‌నట్ ఎందుకు వాడతారంటే, అది బరువు తక్కువ, దెబ్బకి చీలదు, ఒకసారి ఎండినాక వానకీ ఎండకీ పెద్దగా మెలి తిరగదు, సన్నటి చెక్కడం కూడా నిలబెట్టుకుంటుంది. ఈ నాలుగూ ఒకే కట్టెలో దొరకడం అరుదు. మన కాశ్మీరులో పెరుగుతుంది, పెద్ద టింబర్ డిపోల్లో అడిగితే తెప్పిస్తారు, బిల్లు తీసుకోండి. మన దగ్గర దొరికేవాటిలో శిస్సు (షీషమ్) బాగుంటుంది, రోజ్‌వుడ్ ఇంకా గట్టిది గానీ బరువు, దానికి కూడా కాగితాలు ఉండాలి. టేకు అందరి నోటా మొదట వచ్చే పేరు, అది మెలి తిరగదు, నిజమే, కానీ నార వెంబడి సులభంగా చీలుతుంది, ఒంట్లో నూనె ఉండటం వల్ల ఎపాక్సీ సరిగా పట్టదు, థిన్నర్‌తో తుడిచి వెంటనే వేయాలి, ఉలి పదును కూడా తొందరగా పోతుంది. ఎయిర్ రైఫిల్‌కి పాత ఇంటి టేకు దూలం ముక్క చక్కగా సరిపోతుంది, పెద్ద రైఫిల్‌కి నేనైతే పెట్టను. వేప, చింత నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది, ఉలి పెడితే లేచిపోతుంది. మామిడి మన జిల్లాలో కావాల్సినంత దొరుకుతుంది గానీ పురుగు పట్టే కట్టె, వదిలేయండి.

ఏ కట్టె అయినా ఎండటమే అసలు సంగతి. అంగుళం మందానికి ఒక ఏడాది అని వడ్రంగులు చెప్పే లెక్క తప్పు కాదు, రెండున్నర అంగుళాల దిమ్మె అయితే రెండేళ్లు దాటాలి. రెండు కొసలకీ మైనమో పెయింటో పూసి నీడలో పెట్టండి, లేకపోతే కొసలు ముందు ఎండి బీటలు తీస్తాయి. నెలకోసారి తూకం వేయండి, బరువు తగ్గడం ఆగిందంటే ఎండినట్టు. తిరుపతిలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో తూకం కొంచెం పెరుగుతుంది, మే నెలలో తగ్గుతుంది, ఆ తేడా చూస్తేనే మీకు తెలిసిపోతుంది చెక్క ఎండినాక కూడా ఊపిరి తీస్తూనే ఉంటుందని. పొడుగులో పెద్దగా మారదు, అడ్డంలో మారుతుంది. అందుకే వేసవిలో స్క్రూ వదులవుతుంది, కార్తీక మాసంలో ఫోరెండ్ ఉబ్బి గొట్టానికి, అదే బ్యారెల్‌కి తగులుతుంది. రోజ్‌వుడ్, టేకు పొడి కొందరికి పడదు, దురద, దగ్గు వస్తాయి, మాస్క్ లేకుండా రుద్దొద్దు.

ప్రశ్న: బోల్ట్ యాక్షన్ .22, ఒకే చెక్క స్టాక్. బ్యారెల్ చెక్కకి గట్టిగా ఆని ఉంటే మంచిదా, ఖాళీ ఉంటే మంచిదా? క్లబ్బులో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. – చిత్తూరు

జవాబు: చెక్క స్టాక్ అయితే, మన వాతావరణంలో అయితే, ఖాళీ ఉండటమే మేలు. పైన చెప్పిన ఉబ్బడం, తగ్గడం వల్ల గట్టిగా ఆనిన బ్యారెల్‌ని చెక్క ఒక్కో నెల ఒక్కో పక్కకి తోస్తుంది. ఒక కరెన్సీ నోటుని బ్యారెల్ కిందకి దూర్చి ఫోరెండ్ కొస నుంచి యాక్షన్ వైపు లాగి చూడండి, ఎక్కడా పట్టకుండా పోవాలి, వానాకాలంలో కూడా పోవాలంటే నోటు రెండు మడతలు పోయేంత వదలండి. బ్యారెల్ గాలిలో ఉంటే యాక్షన్ మాత్రం కదలకుండా కూర్చోవాలి, స్క్రూ రంధ్రాల చుట్టూ అల్యూమినియం గొట్టం ముక్కలు ఎపాక్సీతో నిలబెట్టించండి, పిల్లర్లు అంటారు, స్క్రూ బిగింపు లోహం మీద లోహానికే పడుతుంది, చెక్క నలగదు. బిగించేటప్పుడు టార్క్ రెంచ్ (ఎంత గట్టిగా బిగిస్తున్నామో చూపే స్పానర్) దొరికితే మూడు నాలుగు న్యూటన్ మీటర్లు చాలు, ప్రతిసారీ అంతే పెట్టండి.

కొంచెం దెబ్బ ఉండే రైఫిల్ అయితే యాక్షన్ కింద రీకాయిల్ లగ్ అని ఒక ఇనుప దిమ్మె ఉంటుంది. దాని వెనక ముఖం చెక్కకి పూర్తిగా ఆనాలి, ముందు, పక్కలు, కింద సన్నటి ఖాళీ ఉండాలి. యాక్షన్ వెనక తోకలా సాగే భాగం చివర కూడా ఒక మిల్లీమీటర్ ఖాళీ వదలండి, లేకపోతే దెబ్బ దెబ్బకీ తోక మేకులా దిగి పిడిని చీలుస్తుంది. చూడ్డానికి ఆ ఖాళీ పనితనం తక్కువైనట్టు కనిపిస్తుంది, సన్నటి నల్ల గీత మాదిరి, కానీ అది ఉండాల్సిందే, పూడ్చమని ఆచారిని అడగొద్దు.

ప్రశ్న: మా పాపకి పదమూడేళ్లు సార్, తిరుపతిలో ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. క్లబ్ రైఫిల్ తనకి పొడుగు, మెడ సాచి పట్టుకుంటుంది, ఇంటికొచ్చి మెడ నొప్పి అంటుంది. చేత్తో చెక్కించిన స్టాక్ పెట్టిస్తే తన కొలతకి వస్తుంది కదా అని మా ఆయన ఆలోచన. చేయించమంటారా?

జవాబు: అమ్మా, ఇప్పుడే వద్దు. పాప ఏడాదికేడాది పెరుగుతుంది, చెక్కిన స్టాక్ పెరగదు. కానీ మెడ నొప్పిని మాత్రం వదిలేయకండి, అది స్టాక్ పొడుగు చెప్తున్న మాటే. కొలిచే పద్ధతి చెప్తా. పాప మోచేతిని లంబకోణంలో మడిచి, మడత లోపలి నుంచి చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం దాకా కొలవండి, అది దాదాపుగా ట్రిగ్గర్ నుంచి బట్ చివరి దాకా ఉండాల్సిన పొడుగు. పెద్దవాళ్లకి మామూలు రైఫిళ్లు పదమూడున్నర అంగుళాల దగ్గర వస్తాయి, పదమూడేళ్ల పిల్లకి అది ఎక్కువే. బట్ ప్లేట్‌కీ (బట్ చివరి పలక) చెక్కకీ మధ్య పలకలు తీస్తూ పెడుతూ పొడుగు మార్చుకునే రైఫిళ్లు ఉంటాయి, కోచ్‌ని అది ఇమ్మని గట్టిగా అడగండి. ఇంకోటి చెంప ఎత్తు, తల నిటారుగా పెట్టి చెంప ఆనిస్తే కన్ను తనంతట తనే సైట్ (గురి చూసే భాగం) వెనకకి రావాలి, సైట్ కోసం తల వంచాల్సి వస్తే చెంప పలక ఎత్తు సరిపోలేదు.

బరువు కూడా చూడండి. అంతర్జాతీయ పోటీల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ 5.5 కిలోలు దాటకూడదని నియమం, అది గరిష్ఠం అమ్మా, అంత ఉండాలని కాదు, పిల్ల మోయగలిగిన బరువే సరైన బరువు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం, రెండూ ఈ ఈవెంట్‌లోనే, ఆ స్థాయిలో ఒంటికి తగ్గట్టు స్టాక్ సరిచేసుకోవడం సాధనలో పెద్ద భాగం. ఇప్పుడు పెద్ద పోటీల్లో అల్యూమినియం స్టాకులే ఎక్కువ కనిపిస్తాయి, తేమకి మారవు, ప్రతి ముక్కా స్క్రూతో జరుగుతుంది. పాప ఎదుగుదల ఆగినాక, ఈ ఆట తనదే అని తను అన్నాక, అప్పుడు మంచి వాల్‌నట్‌తో తన చేతికి పిడి చెక్కించండి, ఆ రోజు మళ్లీ రాయండి, కొలతలు నేనే చెప్తా.

ప్రశ్న: అన్నా నా దగ్గర బ్యారెల్ విరిచి లోడ్ చేసే స్ప్రింగ్ ఎయిర్ గన్ ఉంది, .177. నేనే టేకు చెక్కతో స్టాక్ చేసుకున్నా. స్క్రూలు వంద గుండ్లకే వదులైపోతున్నాయి. దీనికి లైసెన్స్ కావాలా? – పుత్తూరు

జవాబు: 4.5 ఎంఎం, అంటే .177 బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉంటే ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు, కొన్న బిల్లు మాత్రం దాచుకోండి. పిట్టల మీద, కోతుల మీద వాడొద్దు, అడవి జంతువులూ పక్షులూ వన్యప్రాణి చట్టం కిందకి వస్తాయి, అట్ట మీద కాల్చుకోండి.

స్క్రూలు వదులవడం సహజం, స్ప్రింగ్ గన్ రెండు వైపులా తంతుంది, పిస్టన్ ముందుకి పోయేటప్పుడు ఒకసారి, ఆగేటప్పుడు ఇంకోసారి. స్క్రూ తల కింద చెక్క నలిగిపోయి ఉంటుంది, అక్కడ చెక్కలో ఇనుప కప్ వాషర్లు దించండి, మరలకి, వదులు కాకుండా పట్టి మళ్లీ విప్పుకోగలిగే రకం జిగురు, థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వేయండి. బ్యారెల్ విరిచినప్పుడు కింద లింకు (బ్యారెల్ కదలికతో స్ప్రింగ్‌ని వెనక్కి నెట్టే కడ్డీ) తిరగడానికి ఫోరెండ్ అడుగున ఉన్న పొడుగు గాడి చాలినంత వెడల్పు ఉందో లేదో చూడండి, లింకు చెక్కకి రాసుకుంటే ఫోరెండ్ రెండు చెవులూ పగులుతాయి. ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి, స్టాక్ తీసేసి ఉన్నప్పుడు గన్ కాక్ చేయొద్దు (స్ప్రింగ్ వెనక్కి బిగించొద్దు), కాక్ చేసి ఉన్నప్పుడు స్టాక్ విప్పొద్దు. జారితే బ్యారెల్ పైకి లేచి వేళ్లు పోతాయి.

ప్రశ్న: మా తాత కాలం నాటు తుపాకీ అటక మీద ఉండాది, కట్టె పుచ్చిపోయింది. ఏనుగులు వస్తా ఉండాయి, కొత్త కట్టె వేసుకుంటే ఉపయోగపడుతుందా? – కుప్పం వైపు

జవాబు: లైసెన్స్ లేని నాటు తుపాకీకి కట్టె ఎట్ల వేయాలో నేను చెప్పను. అది ఇంట్లో ఉండటమే కేసు, పైగా ఆ గొట్టం ఎప్పుడు పగిలి మీ ముఖం మీదకి వస్తుందో తెలియదు. తెలిసిన వకీలుని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పండి. ఏనుగుల మీద కాల్చడం మాట మర్చిపోండి, కౌండిన్య అభయారణ్యం పక్కనే ఉన్నారు మీరు, పంట పోతే ఫారెస్ట్ వాళ్ల దగ్గర నష్టపరిహారానికి రాయండి, ఫోటోలు తీసి పెట్టుకోండి.

ప్రశ్న: స్టాక్‌కి వార్నిష్ కొట్టాలా, నూనె పెట్టాలా? అవిసె నూనె గానుగలో దొరుకుతుంది, అదే పూయచ్చా? – శ్రీకాళహస్తి

జవాబు: చేతి చెక్కడం ఉన్న స్టాక్‌కి నూనే అందం. వార్నిష్ లత మూలల్లో పేరుకుపోయి మెరుస్తుంది, గీత పడితే మొత్తం గీకాలి. గానుగ అవిసె నూనె పచ్చిది, అది వారాల తరబడి జిడ్డుగానే ఉంటుంది, దుమ్ము పడుతుంది. పెయింట్ షాపులో బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని దొరికేది తీసుకోండి, లేదా టంగ్ ఆయిల్. మొదటి పూత కొంచెం టర్పెంటైన్ కలిపి పల్చగా, చెక్క లోపలికి దిగేటట్టు. తర్వాతవి అరచేత్తో రుద్దండి, వేడి పుట్టేదాకా, పావుగంట ఆగి పైన నిలిచిందంతా గుడ్డతో తుడిచేయండి. ఆరడానికి ఒక రోజు, వానల్లో రెండు రోజులు. చెక్కడం సందుల్లో పాత టూత్ బ్రష్‌తో తీయండి.

బయట ఎంత పూసినా లోపల మర్చిపోతే వృథా. గాడి లోపల, స్క్రూ రంధ్రాల్లో, బట్ ప్లేట్ కింద అడ్డంగా కోసిన ముఖం, తేమ దూరేది అక్కడినుంచే ఎక్కువ. ఎపాక్సీ పని పూర్తయినాకే లోపల నూనె, ముందు పూస్తే ఎపాక్సీ పట్టదు. ఏడాదికోసారి, వానలు మొదలయ్యే ముందు సెప్టెంబర్‌లో ఒక పల్చటి పూత ఇవ్వండి.

అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేయకండి. ఆరే కొద్దీ ఆ నూనె వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది, చెక్కపొడి ఉండే వడ్రంగి కొట్టుల్లో ఇది నిజంగా ప్రమాదం. పని అయిన వెంటనే గుడ్డలు నీళ్లలో ముంచండి, తర్వాత విప్పి బయట గోడ మీద విడివిడిగా ఆరేసి, బిరుసుగా గట్టిపడినాకే పారేయండి.